దీవిలో గోదురుకప్ప పెద్దదవుతుందా, చిన్నదవుతుందా?

ఏ జంతువైనా దీవిలో వేల ఏళ్ళు ఒంటరిగా ఉండిపోతే దాని సైజు మారుతుందన్నది జీవశాస్త్రంలో బాగా పాత సంగతి. సిసిలీ దీవిలో ఒకప్పుడు మీటరు ఎత్తు మాత్రమే ఉన్న ఏనుగులు తిరిగాయి. అదే సమయంలో చాలా దీవుల్లో ఎలుకలు తమ ప్రధాన భూభాగపు బంధువుల కంటే బలిసి కనిపిస్తాయి. 1964లో జె. బ్రిస్టల్ ఫాస్టర్ ఇలాంటి కొలతలన్నీ పోగేసి ఒక చిన్న వ్యాసం ప్రచురించాడు. ఎలుకజాతి జంతువులు దీవుల్లో పెద్దవవుతాయని, మాంసాహారులు, గిట్టల జంతువులు చిన్నవవుతాయని అందులోని సారాంశం. 1973లో లీ వాన్ వాలెన్ దీన్ని ‘ద్వీప సూత్రం’ అన్నాడు. ఆ పేరు స్థిరపడిపోయింది.

దీని వెనుక తర్కం వినగానే నచ్చేస్తుంది. దీవిలో తిండి పరిమితం. భారీ శరీరాన్ని పోషించడం కష్టం, పైగా పులులూ సింహాలూ లేని చోట అంత శరీరంతో పని కూడా లేదు. అందుకని ఏనుగు తగ్గింది. ఎలుక సంగతి వేరు. అది చిన్నగా ఉండేదే కన్నాల్లో దూరి తప్పించుకోవడానికి. వేటాడేవాళ్ళు లేకపోతే దాక్కోవలసిన అవసరం తగ్గుతుంది, పోటీపడే ఇతర జాతులూ తక్కువ, కాబట్టి పెరగడానికి వీలు దొరుకుతుంది.

మరి గోదురుకప్ప? అది ఎలుకంత ఉంటుంది కాబట్టి దీవిలో పెద్దదవ్వాలి అని ఊహించవచ్చు. కానీ ఈ సూత్రం పాలిచ్చే జంతువుల కొలతల్లోంచి పుట్టింది. ఆ జంతువుల పెరుగుదల ఒక పద్ధతి, కప్పల పెరుగుదల పూర్తిగా ఇంకో పద్ధతి. అందుకే దీవి కప్పల మీద వచ్చిన పరిశోధనలు చదువుతూ పోతే ఒకచోట పెద్దవి, ఇంకోచోట చిన్నవి, మరోచోట తేడా లేదు అని కనిపించి తల తిరుగుతుంది. నాకు అర్థమైనంతలో ఈ గందరగోళానికి మూలం ఒకటే. దీవి అనేది ఒక కారణం కాదు. తిండి, గుంపు సాంద్రత, శత్రువులు, చెరువు, వాతావరణం, పూర్వీకులు అన్నీ కట్టిన మూట అది. ఏ దీవిలో ఈ మూటలో ఏది బరువుగా ఉందో చూడకుండా సైజు గురించి మాట్లాడితే ఏ జవాబైనా వస్తుంది.

ముందు ‘సైజు’ సంగతి తేల్చుకోవాలి. పక్షులు, పాలిచ్చే జంతువులు చాలావరకు ఒక వయసు వచ్చాక పెరగడం ఆపేస్తాయి. గోదురుకప్ప ఆపదు. గుడ్లు పెట్టే వయసు వచ్చాక దాని పెరుగుదల బాగా నెమ్మదిస్తుంది గానీ పూర్తిగా ఆగిపోదు. యూరప్‌లో మామూలుగా కనిపించే బ్యూఫో బ్యూఫో పది పన్నెండేళ్ళు బతకగలదు. మూడేళ్ళ కప్పా, తొమ్మిదేళ్ళ కప్పా ఒకే చెరువులో గుడ్లకు వస్తాయి, రెండూ ‘పెద్దకప్ప’ కిందే లెక్క. ఇలాంటి గుంపు సగటు పొడవు కొలవడమంటే ఒక బడిలో ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా పిల్లలందర్నీ ఒకే వరుసలో నిలబెట్టి సగటు ఎత్తు తీసినట్టు. ఇంకో బడిలో సగటు ఎక్కువ వచ్చిందంటే అక్కడి పిల్లలు పొడగరులని అర్థం కానక్కర్లేదు, పదో తరగతి వాళ్ళు ఎక్కువమంది ఉండి ఉండవచ్చు.

దీవుల విషయంలో ఇది చిన్న సంగతి కాదు. ఒక దీవిలో పాములు లేవనుకుందాం. కప్పలు ఎక్కువ కాలం బతుకుతాయి. ముసలి కప్పలు ఎక్కువవుతాయి, సగటు సైజు పెరుగుతుంది. అక్కడ పరిణామం ఏమీ జరగలేదు, ఒక్క జన్యువూ మారలేదు, కేవలం వయసుల వాటా మారింది. రేపు ఆ దీవికి పాములు చేరితే పదేళ్ళలో సగటు మళ్ళీ కిందికి దిగుతుంది.

అదృష్టం ఏమిటంటే కప్ప వయసు తెలుసుకునే మార్గం ఒకటుంది. చలికాలంలో అది తిండి మాని మట్టిలో దాక్కుంటుంది, ఎముక పెరుగుదల ఆగుతుంది, ఆ ఆగిన చోట ఎముకలో ఒక గీత పడుతుంది. కాలివేలి చివరి ముక్క తీసుకుని, ఆమ్లంలో ఉంచి సున్నం పోగొట్టి, పల్చగా కోసి రంగు పట్టించి మైక్రోస్కోపు కింద పెడితే ఆ గీతలు లెక్కపెట్టవచ్చు. చలికాలం లేని ఉష్ణమండల దేశాల్లో గీతలు అంత స్పష్టంగా పడవు. ఎముక లోపలి అంచు అరిగిపోతూ ఉంటుంది కాబట్టి తొలి గీత ఒక్కోసారి మాయమవుతుంది. ఇన్ని ఇబ్బందులున్నా, దీవి కప్పల సైజు మీద వచ్చిన ఏ పరిశోధన చదివినా నేను మొదట వెతికేది వయసు లెక్క ఉందా అనే. లేకపోతే మిగతాదంతా కొంచెం అనుమానంతోనే చదువుతాను.

కొలిచే పద్ధతిలోనూ చిక్కులున్నాయి. గోదురుకప్పల్లో ఆడవి మగవాటి కంటే పెద్దవి. గుడ్ల కాలంలో మగవి ముందే వచ్చి రోజుల తరబడి చెరువు దగ్గరే కాపు వేస్తాయి, ఆడవి వచ్చి గుడ్ల దండలు వదిలి తొందరగా వెళ్ళిపోతాయి. ఒక రాత్రి టార్చిలైటు పట్టుకుని వెళ్ళి దొరికినవన్నీ కొలిస్తే అందులో ఎక్కువ భాగం మగవే ఉంటాయి. ఒక దీవిలో అలా కొలిచి, ప్రధాన భూభాగంలో మ్యూజియం సీసాల్లో ఉన్న ఆడకప్పలతో పోల్చితే దీవి కప్పలు మరుగుజ్జులని తేలిపోతుంది. సీసాల్లో నిలవ ఉంచిన నమూనాలు కొంత ముడుచుకుపోతాయన్నది ఇంకో తలనొప్పి. ఇక పొడవు తేడా చిన్నదిగా కనిపించినా బరువు తేడా చిన్నది కాదు. ఆకారం అలాగే ఉండి పొడవు 10 శాతం పెరిగితే బరువు దాదాపు 33 శాతం పెరుగుతుంది. ‘కొద్దిగా పెద్దది’ అన్న మాట దేన్ని కొలిచి అన్నారో చూసుకోవాలి.

తర్వాతి ప్రశ్న: దేనితో పోలుస్తున్నాం? ఇక్కడ జెర్సీ దీవి మంచి ఉదాహరణ. ఫ్రాన్స్ తీరానికి 22 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ దీవి బ్రిటిష్ రాచరికం కిందిది. దీవిలో గోదురుకప్పలకు ఎంత పేరంటే, పక్కనున్న గర్న్‌సీ దీవి వాళ్ళు జెర్సీ జనాన్ని ‘క్రపో’ అని, అంటే గోదురుకప్పలని ఆటపట్టిస్తారు. (జెర్సీ వాళ్ళు ఊరుకోలేదు, వాళ్ళను గాడిదలంటారు.) ఇంగ్లండ్ గోదురుకప్పలకు అలవాటుపడిన కంటికి జెర్సీ కప్ప భారీగా కనిపిస్తుంది. బ్రిటన్‌లోని కప్ప జాతే ఇదీ అని చాలా కాలం అనుకున్నారు కాబట్టి, దీవిలో చేరి పెద్దదయిందన్న కథ సహజంగానే తోస్తుంది.

జన్యు పరీక్షలు వచ్చాక ఆ కథ చెదిరిపోయింది. పశ్చిమ, దక్షిణ ఫ్రాన్స్, స్పెయిన్, పోర్చుగల్, ఉత్తర ఆఫ్రికాల్లో ఉన్న గోదురుకప్ప బ్యూఫో బ్యూఫో కాదని, అది బ్యూఫో స్పైనోసస్ అనే వేరే జాతి అని 2010ల మొదట్లో తేలింది. ఈ రెండూ విడిపోయి పదుల లక్షల ఏళ్ళయింది. స్పైనోసస్ సహజంగానే పెద్దగా పెరిగే జాతి. జెర్సీ కప్పలు ఆ జాతివే. పాలన ఏ దేశానిదైనా కప్పలు మాత్రం ఫ్రాన్స్ వైపువి, సముద్రమట్టం తక్కువగా ఉన్న కాలంలో నేల మీద నడిచి వచ్చినవాటి వారసులు. జెర్సీ కప్ప నిజంగా దీవి వల్ల మారిందా లేదా తెలుసుకోవాలంటే ఎదురుగా ఉన్న ఫ్రాన్స్ తీరపు కప్పతోనే పోల్చాలి. ఇంగ్లండ్ కప్పతో పోల్చి వచ్చిన తేడాలో దీవి పాత్ర ఎంతో చెప్పలేం.

సరైన పోలికకు వీలిచ్చే చోట్లు తక్కువ. చైనా తూర్పు తీరంలోని జౌషాన్ దీవుల గుంపు వాటిలో ఒకటి. వెయ్యికి పైగా దీవులు, అన్నీ ప్రధాన భూభాగానికి దగ్గర్లోనే. సుమారు 7000 నుంచి 9000 ఏళ్ళ క్రితం సముద్రమట్టం పెరిగినప్పుడు కొండలన్నీ దీవులైపోయాయి, వాటి మీదున్న కప్పలు అక్కడే చిక్కుపడిపోయాయి. ఒకే పూర్వీకులు, ఒకే వాతావరణం, దాదాపు ఒకే కాలంలో విడిపోవడం, పైగా ఒకటి కాదు చాలా దీవులు. పరిశోధకులు కావాలని ఏర్పాటు చేసినా ఇంత చక్కగా కుదరదు. ఒక దీవిని ఒక తీరంతో పోల్చితే దొరికేది ఒకే ఒక్క పోలిక, ఎన్ని వందల కప్పలు కొలిచినా అది ఒక్కటే. జౌషాన్‌లో పోలికలు పదుల్లో దొరుకుతాయి.

2006లో వూ జెంగ్‌జున్, లీ యిమింగ్, బ్రాడ్ మరే అక్కడి వరిపొలాల కప్పల కొలతలు ప్రచురించారు. ఇది గోదురుకప్ప కాదు, వేరే కుటుంబం, అయినా దీవి కప్పల మీద చర్చ గట్టిగా మొదలైంది దానితోనే. కొలిచిన దీవుల్లో ఎక్కువ చోట్ల కప్పలు ప్రధాన భూభాగం కంటే పెద్దవిగా ఉన్నాయి. ఆసక్తికరమైన విషయం ఏమిటంటే, కప్పలు ఎక్కువ సాంద్రంగా ఉన్న దీవుల్లోనే సైజు కూడా ఎక్కువ. పరిశోధకులు చూపించిన వరుస ఇది: దీవుల్లో తిండి పురుగులు ఎక్కువ దొరికాయి, దానివల్ల కప్పలూ ఎక్కువయ్యాయి, ఒక్కొక్కటీ బాగా పెరిగింది కూడా. ఆపైన, ఇరుకులో తమలో తాము పోటీపడేటప్పుడు పెద్ద కప్పలదే పైచేయి కాబట్టి ప్రకృతి వరణం కూడా పెద్దవాటి వైపే మొగ్గి ఉంటుందని వాళ్ళ అభిప్రాయం.

ఇక్కడ ఎవరికైనా ఒక సందేహం రావాలి. గుంపు పెరిగితే ఒక్కొక్కరికి వచ్చే తిండి తగ్గి సైజు తగ్గాలి కదా? సరిగ్గా అదే జరిగిన చోటు ఒకటుంది. కెనడాలో ఈరీ సరస్సులోకి చొచ్చుకెళ్ళిన లాంగ్ పాయింట్ అనే ఇసుక మేటలో ఫౌలర్ గోదురుకప్పలను డేవిడ్ గ్రీన్ రెండు దశాబ్దాలకు పైగా ఏటా కొలిచాడు. అది దీవి కాదు. కప్పలు తక్కువగా ఉన్న ఏడు అవి పెద్దవిగా ఉన్నాయి, ఎక్కువగా ఉన్న ఏడు చిన్నవిగా ఉన్నాయి. వాతావరణంలోని ఎగుడుదిగుళ్ళకూ సైజుకూ చెప్పుకోదగ్గ సంబంధం కనిపించలేదు. 2013లో వచ్చిన ఆ వ్యాసం శీర్షికే ఈ మాట చెబుతుంది.

జౌషాన్‌లో గుంపు పెరిగితే సైజు పెరిగింది, లాంగ్ పాయింట్‌లో గుంపు పెరిగితే సైజు తగ్గింది. ఒకటి తప్పు, ఒకటి ఒప్పు అనుకోనక్కర్లేదు. లాంగ్ పాయింట్‌లో ఒకే చోటు, దాదాపు ఒకే తిండి, ఏటేటా పంచుకునేవాళ్ళ సంఖ్య మాత్రం మారింది. జౌషాన్‌లో దీవికీ దీవికీ తిండే మారింది, ఆ తిండి సంఖ్యనూ సైజునూ రెండింటినీ పైకి లాగింది. సాంద్రత ఒక్కటే చూసి ‘దీవిలో కప్పలు కిక్కిరిసి ఉంటాయి కాబట్టి చిన్నవవుతాయి’ అనో, ‘పెద్దవవుతాయి’ అనో అనడం అందుకే కుదరదు. సాంద్రత వెనుక ఏముందో చూడాలి.

ద్వీప సూత్రంలో పెద్ద పాత్ర శత్రువులు లేకపోవడానిది. గోదురుకప్ప విషయంలో ఈ వాదన కొంత బలహీనపడుతుందని నా అభిప్రాయం. కళ్ళ వెనుక ఉబ్బెత్తుగా కనిపించే విషగ్రంథులు దానికి సొంత రక్షణ. నోట పెట్టుకున్న జంతువు చాలాసార్లు ఉమ్మేస్తుంది. నున్నటి చర్మం ఉన్న మామూలు కప్పకు పాములు, కొంగలు, ముంగిసలు లేని దీవి స్వర్గం కావచ్చు. గోదురుకప్పకు ఆ శత్రువుల్లో చాలామందితో ముందునుంచే అంత ఇబ్బంది లేదు. దాన్ని వదలనివి కొన్నే, యూరప్‌లో గడ్డి పాముల్లాంటివి. కాబట్టి ‘శత్రువులు లేరు’ అనడం చాలదు, ‘ఈ కప్పను తినగలిగిన శత్రువులు లేరా’ అని అడగాలి.

ఇప్పటిదాకా పెద్దకప్పల గురించే. సైజు కథ మొదలయ్యేది మాత్రం నీళ్ళలో. తోకకప్ప ఏ సైజులో కప్పపిల్లగా మారాలన్నది పుట్టుకతో ఖాయమై ఉండదు. 1973లో హెన్రీ విల్బర్, జేమ్స్ కాలిన్స్ దీన్ని చక్కగా వివరించారు. చెరువు బాగుంటే, తిండి ఉంటే తోకకప్ప ఇంకొన్నాళ్ళు నీళ్ళలోనే ఉండి పెరుగుతుంది. తిండి తగ్గితే ఒక కనీస సైజు దాటగానే బయటపడే ప్రయత్నం చేస్తుంది, చిన్నగా ఉన్నా సరే. చిన్న రాతి దీవుల్లో నీళ్ళు వాననీటి గుంటలే. అవి ఎండిపోతాయి, వాటిలో తోకకప్పలు ఇరుక్కుంటాయి. ఒక ఆడ గోదురుకప్ప వేలల్లో గుడ్లు పెడుతుంది, చెరుకు గోదురుకప్ప అయితే ఒక్కోసారి 30,000 కూడా పెడుతుంది. అలాంటి రెండు మూడు దండలు చాలు ఒక గుంట నిండిపోవడానికి. ఈ ఇరుకు ఎంత దూరం పోతుందంటే, ఆస్ట్రేలియాలోని చెరుకు గోదురుకప్పల తోకకప్పలు తమ జాతి గుడ్లనూ, అప్పుడే పుట్టినవాటినీ తినడంలో దక్షిణ అమెరికాలోని తమ మూలజాతిని మించిపోయాయని 2021లో బయటపడింది.

కాబట్టి ఒకే దీవిలో రెండు వ్యతిరేక శక్తులు పనిచేయవచ్చు. గుంటల కరువు వల్ల పిల్లలు చిన్నగా బయటికి వస్తాయి. బయటపడ్డాక గుంపు పలచగా ఉండి, తిండి దండిగా ఉండి బాగా పెరుగుతాయి. చివరికి సగటు ఎటు మొగ్గుతుందో ముందే చెప్పలేం.

నీటి సంగతికి ఇంకో ముఖం ఉంది. కప్ప చర్మం నీటిని ఆపలేదు. శరీరం పెద్దదయ్యేకొద్దీ బరువుతో పోల్చితే చర్మం తక్కువ, కాబట్టి పెద్ద కప్ప నెమ్మదిగా ఎండుతుంది. గాలీ ఉప్పూ ఎక్కువ, నీడ తక్కువ ఉన్న దీవిలో పెద్ద శరీరం మేలే చేయాలి. ఉప్పునీరు కప్పలకు ఎంత శత్రువో చార్లెస్ డార్విన్ 1859లోనే గమనించాడు. మహాసముద్రాల మధ్య పుట్టిన దీవుల్లో కప్పలు దాదాపుగా ఉండవని రాశాడు. దానికి మినహాయింపులున్నాయి. ఆఫ్రికా పశ్చిమాన ఉన్న సావో టోమే అగ్నిపర్వతం వల్ల పుట్టిన దీవి, ఏనాడూ ఖండంతో కలిసి లేదు, అయినా అక్కడ కప్పలున్నాయి. కొట్టుకొచ్చిన చెట్ల మీద చేరి ఉంటాయి. అక్కడి హైపెరోలియస్ థోమెన్సిస్ అనే చెట్టుకప్ప తన ప్రజాతి మొత్తంలో పెద్దది.

వాతావరణం సంగతి చెప్పేటప్పుడు చాలామంది ఒక మాట తేలిగ్గా అనేస్తారు. సముద్రం మధ్య చలికాలం తీవ్రత తక్కువ, కప్పకు తిని తిరిగే రోజులు ఎక్కువ, కాబట్టి పెద్దగా పెరుగుతుంది అని. వినడానికి బాగుంది. కానీ ఇంగ్లండ్‌లోని డోర్సెట్‌లో సి. జె. రీడింగ్ 1983 నుంచి 2005 దాకా ఒకే చెరువు గోదురుకప్పలను గమనించి వేరే విషయం కనుక్కున్నాడు. చలికాలాలు వెచ్చబడేకొద్దీ ఆడకప్పల ఒంటి స్థితి క్షీణించింది, బతికి మిగిలేవి తగ్గాయి, గుడ్లూ తగ్గాయి. కారణం ఊహించవచ్చు. చల్లటి నిద్రలో శరీరం కొవ్వును పొదుపుగా వాడుతుంది. వెచ్చటి చలికాలంలో తినడానికేమీ దొరకదు, శరీరం మాత్రం ఎక్కువ ఖర్చు పెడుతుంది. కాబట్టి వెచ్చదనం ఒక లాభమా నష్టమా అన్నది, ఆ వెచ్చటి రోజుల్లో పురుగులు కూడా తిరుగుతున్నాయా లేదా అన్నదాని మీద ఆధారపడుతుంది.

ఇక పూర్వీకులు. దీవికి ఏ కప్పలు చేరాయన్నది చాలాసార్లు అదృష్టం. 1932లో ప్యూర్టో రికో నుంచి హవాయికి సుమారు 150 చెరుకు గోదురుకప్పలను తెచ్చారు. 1935లో వాటి సంతతిలోంచి దాదాపు వందను ఆస్ట్రేలియాకు తీసుకెళ్ళారు, చెరుకు పంటను తినే పురుగుల్ని ఇవి తింటాయన్న ఆశతో. పురుగులు అలాగే ఉన్నాయి, కప్పలు ఖండమంతా పాకాయి. ఆ వందలో పెద్దవి కొన్ని ఎక్కువున్నా, తక్కువున్నా ఆ తేడా తరాలపాటు కొనసాగవచ్చు. దానికి దీవి అనుకూలించడంతో సంబంధం లేదు. చిన్న దీవుల్లో గుంపు చిన్నది కాబట్టి ఏ మేలూ చేయని లక్షణాలు కూడా కేవలం లాటరీలా స్థిరపడిపోతాయి. దీన్నే జెనెటిక్ డ్రిఫ్ట్ అంటారు. ఒకే సముద్రంలో పక్కపక్కనే ఉన్న రెండు దీవుల్లో కప్పలు చెరో దిక్కుకు మారితే మొదట అనుమానించాల్సింది దీన్నే.

అయితే మార్పు ఎంత వేగంగా రాగలదో కూడా ఈ కప్పలే చూపించాయి. ఆస్ట్రేలియాలో దండయాత్రకు ముందు వరుసలో ఉన్న కప్పలకు కాళ్ళు పొడవుగా ఉన్నాయని, అవి ఎక్కువ దూరం పోతున్నాయని 2006లో రిక్ షైన్ బృందం చూపించింది. అంటే 70 ఏళ్ళలో శరీర నిర్మాణం కదిలింది. 2023 జనవరిలో క్వీన్స్‌లాండ్‌లోని కాన్వే నేషనల్ పార్కులో 2.7 కిలోల చెరుకు గోదురుకప్ప దొరికి, ‘టోడ్‌జిల్లా’ పేరుతో ప్రపంచమంతా తిరిగింది. అలాంటి వార్తలు సరదాగా ఉంటాయి గానీ ఈ చర్చకు పనికిరావు. ఒక్క భారీ కప్ప ఆ చోటి సగటు గురించి ఏమీ చెప్పదు.

తేడా జన్యువుల్లో ఉందా, పెరిగిన పరిస్థితుల్లో ఉందా తేల్చడానికి నమ్మకమైన దారి ఒకటే. రెండు చోట్ల నుంచీ గుడ్లు తెచ్చి, ఒకే నీళ్ళలో, ఒకే తిండితో, ఒకే వేడిలో పెంచాలి. తేడా మిగిలితే అది వారసత్వం, మాయమైతే పరిసరాల ప్రభావం. స్వీడన్‌లో ఊమెయో దగ్గరి దీవుల్లో మార్టిన్ లిండ్, ఫ్రాంక్ యోహాన్సన్ మామూలు కప్పల మీద ఇలా చేశారు. ఆ దీవులు మంచుయుగపు బరువు దిగిపోయి నేల పైకి లేస్తుండటం వల్ల ఈమధ్యే సముద్రంలోంచి బయటపడ్డవి. కొన్నింట్లో ఎండిపోయే గుంటలే ఉన్నాయి, కొన్నింట్లో ఎండనివి, కొన్నింట్లో రెండూ. ఎండే గుంటల దీవుల తోకకప్పలు తొందరగా ఎదుగుతున్నాయి. రెండు రకాల గుంటలూ ఉన్న దీవుల తోకకప్పలకు పరిస్థితిని బట్టి వేగం మార్చుకునే శక్తి ఎక్కువగా ఉంది. ఇంత తక్కువ కాలంలో వారసత్వంగా మార్పు వచ్చిందంటే ఆశ్చర్యమే. దాంతోపాటు ఇంకోటి గమనించాలి: అక్కడ ఎంపికైంది సైజు కాదు, ఎదిగే వేగం. సైజు దాని వెనకే వచ్చే ఫలితం.

పెద్ద గోదురుకప్పల సైజు మీద ఇలాంటి ప్రయోగం చేయడం కష్టం, ఎందుకంటే గుడ్డు నుంచి గుడ్లు పెట్టే వయసుదాకా పెంచడానికి ఏళ్ళు పడుతుంది. చాలా పరిశోధనలు కప్పపిల్లల దశ దగ్గరే ఆగిపోవడానికి కారణం ఇదే.

మరుగుజ్జు వైపు ఉదాహరణ కావాలంటే మయోర్కా దీవి చూడాలి. అక్కడి మంత్రసాని కప్ప అలైటీస్ ములెటెన్సిస్ అసలైన గోదురుకప్పల కుటుంబానిది కాదు. మగకప్ప గుడ్ల దండను కాళ్ళకు చుట్టుకుని మోస్తుంది, అందుకే ఆ పేరు. 1977లో శిలాజం ఆధారంగా దీనికి పేరు పెట్టారు, అంతరించిపోయిందనే అనుకున్నారు, కొద్దికాలానికే కొండ లోయల్లో బతికే దొరికింది. ఖండంలోని బంధువు అలైటీస్ ఆబ్‌స్టెట్రికన్స్ కంటే చిన్నది, నాలుగు సెంటీమీటర్ల లోపే ఉంటుంది. గుడ్లు తక్కువ, ఒక్కొక్కటి మాత్రం పెద్దది. తక్కువ పిల్లలు, ఒక్కొక్క పిల్లకు ఎక్కువ పెట్టుబడి అన్నది దీవుల్లో తరచు కనిపించే పద్ధతే. సుమారు 2000 ఏళ్ళ క్రితం మనుషులతోపాటు నీటిపాము ఒకటి ఈ దీవికి చేరింది. ఇప్పుడు కప్ప మిగిలింది ఆ పాము తేలిగ్గా చేరలేని నిట్టనిలువు లోయల్లో. ఆ లోయల్లో రాతి పగుళ్ళలో దూరాలంటే సన్నటి, చదునైన శరీరం కావాలి. మరి ఈ చిన్న సైజు దీవి ఇచ్చిందా, పగుళ్ళు ఇచ్చాయా, లేక వేరే చోట్ల ఉన్న పెద్దవాటిని పాము తినేయగా ఇవే మిగిలాయా? ఈ మూడింటినీ విడదీయకుండా ‘ద్వీప మరుగుజ్జుతనం’ అని చీటీ అంటించడం నాకు నచ్చదు.

ఇలాంటి విడివిడి ఉదాహరణలన్నీ కలిపి చూస్తే? 2021లో ఆనా బెనీతెస్-లోపెస్, ఆమె సహచరులు ప్రపంచవ్యాప్తంగా దీవి, ప్రధాన భూభాగం జంటలను పోగేసి లెక్కకట్టారు. పాలిచ్చే జంతువుల్లో, పక్షుల్లో, సరీసృపాల్లో ద్వీప సూత్రం నిలబడింది. ఉభయచరాల్లో అంత స్పష్టంగా కనిపించలేదు, మొత్తమ్మీద పెద్దవయ్యే వైపు మొగ్గు మాత్రం ఉంది. ఆ మొగ్గును నేను కొట్టిపారేయను. అయితే ఆ లెక్కలో చేరిన కొలతలు వయసును లెక్కలోకి తీసుకున్నవీ, తీసుకోనివీ కలిసే ఉంటాయి. కప్పలు పెద్దవవుతున్నాయా, ఎక్కువ కాలం బతుకుతున్నాయా అన్న ప్రశ్నకు సగటు పొడవుల పట్టిక జవాబివ్వలేదు.

మొదటి నుంచీ కొలిచే అవకాశం ఇప్పుడు మడగాస్కర్‌లో ఉంది. గోదురుకప్పల కుటుంబమే లేని ఆ దీవిలో, తూర్పు తీరపు టోమాసినా రేవు దగ్గర ఆసియా గోదురుకప్ప డట్టాఫ్రినస్ మెలనోస్టిక్టస్ పాతుకుపోయిందని 2014లో ప్రపంచానికి తెలిసింది. జన్యువులను బట్టి అవి ఆగ్నేయాసియా నుంచి వచ్చినవి, బహుశా ఓడ సరుకుతో. పోల్చాల్సిన ప్రధాన భూభాగం ఏదో తెలుసు, వచ్చిన కాలం సుమారుగా తెలుసు. ఇన్నేళ్ళలో రేవు చుట్టూ ఉన్న పాత గుంపు ఒకవైపు, కొత్త ఊళ్ళకు పాకుతున్న అంచు గుంపు ఇంకోవైపు ఉన్నాయి. ఆగ్నేయాసియాలో, రేవు దగ్గర, అంచులో, మూడు చోట్లా ఆడ మగ విడివిడిగా, వయసుతో సహా కొలిచి, మూడు చోట్ల గుడ్లనూ ఒకే నీళ్ళలో పెంచి చూస్తే, దీవి సైజును మార్చడం మొదలుపెట్టిందా, మారిస్తే మూటలోని ఏ కారణంతో అన్నది తెలుస్తుంది.